పద్దెనిమిది సీసాలు, పంతొమ్మిది వాటాలు

3 జూన్ 2004, గురువారం

ఈ ఉదయం ఆరుంపావుకి ఫిషింగ్ హార్బరులో వేలంపాట దగ్గర గంగాలమ్మ పడిపోయింది. ఆసుపత్రికి చేర్చేసరికి రక్తంలో చక్కెర 38. సిమెంటు గచ్చు మీద పడటంతో ఎడమ మణికట్టు విరిగింది. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచింది. ప్రాణభయం లేదని జ్యోతి ఫోనులో చెప్పింది.

నేను అక్కడే ఉన్నాను. వేట నిషేధం ముగిసి పడవలు తిరిగొస్తున్నాయి, ఆ వార్త కోసం వెళ్లాను. వంజరం చేపల పాట నడుస్తోంది. గంగాలమ్మ గంప మీద చెయ్యి వేసి నిలబడింది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. నడుస్తున్న ధరతో సంబంధం లేని అంకె ఏదో చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "పొద్దున్నే ఏసేసిందేటి?" అని ఒకడన్నాడు. ఆ తర్వాత పడిపోయింది. ఆటోలోకి ఎక్కించినవాళ్లలో నేనొకణ్ణి.

సాయంత్రం జ్యోతి ఇంటికొచ్చి, హ్యాండ్‌బ్యాగు భుజానికి అలాగే ఉంచుకుని కుర్చీలో కూర్చుంది.

"ఇది పేపర్లో రాకూడదండి," అంది.

"హార్బరంతా చూసింది."

"పడిపోయిందని రాసుకోండి. స్టడీ సంగతి వద్దు."

సరే అన్నాను. భార్య పని మీద భర్త వార్త రాయకూడదని మా ఎడిటరుకి ఎప్పుడో నేనే చెప్పాను. మార్చిలో ఒక్కసారి రాశాను. అది మంచి వార్త.

ముందుముందు ఎవరేమన్నారో కలగాపులగం కాకుండా ఉండటానికి, తెలిసిన సంగతులే అయినా రాసిపెట్టుకుంటున్నాను. ఆసుపత్రిలో డాక్టరుగా జ్యోతి నడిపే స్టడీలో గంగాలమ్మ ఉంది. జాలారిపేటలో ఆమెతో కలిపి పద్దెనిమిది మంది ఆడవాళ్లు. అందరికీ చక్కెర జబ్బు కొత్తగా బయటపడింది, ఎవరూ అంతకుముందు మందు వాడలేదు. హైదరాబాద్ కంపెనీవాళ్ల కొత్త మాత్ర, ఇంకొన్ని ఊళ్లలో కూడా ఇదే స్టడీ నడుస్తోంది. సగం మంది సీసాల్లో అసలు మాత్ర, సగం మంది సీసాల్లో మందు లేని ఉత్త మాత్ర. చూడ్డానికి రెండూ ఒకటే. ఎవరిది ఏదో వాళ్లకీ తెలియదు, జ్యోతికీ తెలియదు. ఏడాది తర్వాత కవర్లు తెరిచి, మందు పనిచేసిందో లేదో తేలుస్తారు.

ఎవరికైనా ప్రమాదం జరిగితే ఆ ఒక్కరి కవరు ముందే తెరుస్తారు. రేపు గంగాలమ్మది తెరుస్తున్నారు.

4 జూన్

కవరు తెరిచారు. గంగాలమ్మకి ఇచ్చింది ఉత్త మాత్ర.

ఉత్త మాత్రకి చక్కెర 38కి పడదు. జ్యోతి ఈ మాట భోజనం దగ్గర రెండుసార్లంది. మొదటిసారి నాతో, రెండోసారి పప్పు గిన్నెతో.

5 జూన్

ఆమె సీసాలో మిగిలిన మాత్రలు హైదరాబాద్ ల్యాబుకి పంపారు. నేను ఎన్ని మిగిలాయని అడిగాను. "ఇది ఇంటర్వ్యూ కాదండి," అంది జ్యోతి.

6 జూన్

సెలవు. పరవాడ భూముల వార్త సరిచేశాను. ఉక్కపోత.

9 జూన్, బుధవారం

ల్యాబు జవాబు వచ్చింది. గంగాలమ్మ సీసాలో రెండు రకాల మాత్రలూ ఉన్నాయి. కొన్ని అసలువి, కొన్ని ఉత్తవి, కలగలిసి.

కంపెనీలో నింపిన సీసాలో అలా ఉండటానికి వీల్లేదు. కంపెనీకీ గంగాలమ్మకీ మధ్య ఆ సీసా పట్టుకున్నది ఇద్దరే. ఒకరు జ్యోతి. ఇంకొకరు సాయిదుర్గ.

సాయిదుర్గ పేట పిల్లే. బీఎస్సీ చదివింది. వాళ్ల ఇళ్లల్లో మొదటి ఉద్యోగస్తురాలు. నెలనెలా సీసాలు ఇంటింటికీ ఇచ్చేదీ, రక్తం తీసేదీ, ఎవరైనా రాకపోతే హార్బరుకి వెళ్లి పట్టుకొచ్చేదీ ఆమే. గంగాలమ్మ ఆమెకి మేనత్త.

సాయిదుర్గని ఈ మధ్యాహ్నం పనిలోంచి ఆపేశారు. మాత్రలు తారుమారు చేసిందని తేలితే శాశ్వతంగా తీసేస్తారు. నగరంలో ఇలాంటి స్టడీలు చేసే ఏ ఆసుపత్రీ ఆ తర్వాత ఆమెని తీసుకోదు. ఎథిక్స్ కమిటీ ఇరవై ఒకటిన కూర్చుంటుంది. అధ్యక్షుడు అచ్యుతరామయ్యగారు, రిటైరైన జిల్లా జడ్జి.

"ఆ పిల్ల చేసిందని నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగాను.

"నమ్మకం సంగతి కాదు. ఇంకెలా జరుగుతుందో చెప్పండి."

చెప్పలేకపోయాను.

10 జూన్

చెప్పగలను.

మధ్యాహ్నం వార్డుకి వెళ్లాను. ఆటోలో ఎక్కించినవాణ్ణి, పలకరింపుకి వెళ్లాను. చేతికి కట్టు కట్టి మెడకి వేలాడేశారు. చుట్ట లేదని ఆమెకి కోపంగా ఉంది. అడ్డపొగ తాగే మనిషికి వారం నుంచి పొగ లేదు.

"డాట్రమ్మ ఇంటాయనవి గదా," అంది. "ఓ చుట్ట ఒట్టుకురాలేకపోనావా?"

"ఇక్కడ తాగనివ్వరు."

"నిప్పు నోట్లో ఎట్టుకుంతాను, ఈల మంచానికేటి బాధ?"

మాత్ర ఎప్పుడు వేసుకున్నావని అడిగాను. వార్తకి కాదు, ఊరికే అడిగాను.

"పొద్దున్నే. రెండేసుకున్నాను."

"రెండెందుకు?"

"ఒకటి సుద్దయితే రెండోదైనా మందవుద్ది గదా."

"నీ సీసాలో అన్నీ ఒకటే రకం ఉంటాయి కదా. అన్నీ సుద్ద, లేదంటే అన్నీ మందు."

ఆమె నా వంక జాలిగా చూసింది.

"నా సీసా అని ఏటుంది బాబూ. అందరియీ పోతమ్మ గిన్నెలో పోసీసి కలిపీసి, శనోరం శనోరం వాటాలేసుకుంతాం. నువ్వు రాసిన కాయితం సాయిదుర్గ సదివి ఇనిపించింది గదా. సగం మందికి మందు, సగం మందికి ఉత్తది, ఎవులికేదో ఎవులికీ తెలీదని. బాగా అర్థమయ్యేలాగే రాసినావు. మరప్పుడేటి సెయ్యాల? అలివి వల లాగినోల్లలో సగం మందికి సేపలిచ్చి, సగం మందికి ఇసకిత్తే ఊరుకుంతామా?"

సంతకాలు పెట్టించుకునే ముందు చదివే కాగితం తెలుగులో రాసింది నేనే. ఆసుపత్రివాళ్లు రాసినది ఎవరికీ అర్థం కావడం లేదని జ్యోతి అడిగితే రాశాను. అది విని అందరూ తలలూపారని, ఒక్కరు కూడా మళ్లీ అడగలేదని జ్యోతి అప్పట్లో మెచ్చుకుంది.

"సాయిదుర్గకి తెలుసా?"

"దానికెందుకు సెప్తాం. దానికి సెప్తే డాట్రమ్మకి సెప్పీద్ది. సెప్పీసి ఏడుత్తాది కూడా." చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వూ సెప్పకు. తెలిత్తే మందాపేత్తారు. నాకొక్కదానికే కాదు, అందరికీ ఆపేత్తారు."

నేను అవుననలేదు. కాదనలేదు. లేచి వచ్చాను.

సాయిదుర్గని ఆపేసిన సంగతి ఆమెకింకా తెలియదు. నేను చెప్పలేదు. ఆరోగ్యం బాగాలేని మనిషి.

ఒక్కరి మాట మీద ఏదీ నిర్ధారణ చేయకూడదు. రెండో ఆధారం కావాలి. అది దొరికాక జ్యోతికి చెబుతాను.

11 జూన్

పోర్టులో బెర్తుల కొరత మీద రాశాను. జ్యోతి కంపెనీకి వివరణ రాస్తూ కూర్చుంది. రెండో విడతలో మూడు వందల మందితో పెద్ద స్టడీ ఈ ఊరికే ఇస్తామన్నారు కంపెనీవాళ్లు. ఆ మాట ఇప్పుడు ఎత్తడం లేదు.

12 జూన్, శనివారం

రెండో ఆధారం దొరికింది.

సాయంత్రం ఐదింటికి పేటకి వెళ్లాను. వలలు ఆరేసే షెడ్డు వెనక ఇసుకలో ఆడవాళ్లు కూర్చున్నారు. పోతమ్మ మధ్యలో ఉంది. ఆమె ముందు క్యారేజీ గిన్నె, మూత తీసి ఉంది. నన్ను చూసి దాచలేదు. వేట వార్తలకి పదేళ్లుగా ఆ షెడ్డు దగ్గరికి వెళ్తున్నాను, నేను వాళ్లకి కొత్త కాదు.

పోతమ్మ గిన్నెని రెండు చేతులతో కుదిపింది. గవ్వలు కుదిపినట్టు. తర్వాత ఒక్కొక్కరి ముందూ పరిచిన గుడ్డ మీద ఒక్కొక్క మాత్ర వేస్తూ చుట్టూ తిరిగింది. ఒక చుట్టు, మళ్లీ ఒక చుట్టు, అందరికీ వారానికి సరిపడా వచ్చేదాకా. అలివి వల ఒడ్డుకి లాగాక చేపలు పంచేది కూడా అలాగే. తాడు పట్టిన ప్రతివాళ్లకీ వాటా. మనిషి రాకపోతే ఆ వాటా పక్కన పెడతారు. గంగాలమ్మ వాటా కూడా పక్కన పెట్టారు.

"ఈ వారం మాత్తరం రోజుకొక్కటే," అంది పోతమ్మ అందరితోనూ. "గంగాలులాగ ఆబగా రెండేసుకుని పడ్డారంటే నాకు సంబందం నేదు."

"నువ్వు సెప్పీసినావు, మేం ఇనీసినాం," అంది ఒకామె. నవ్వారు.

గుడ్డలు లెక్కపెట్టాను. పంతొమ్మిది. స్టడీలో ఉన్నది పద్దెనిమిది.

పంతొమ్మిదో గుడ్డ పాపాయమ్మది. డెబ్భై దాటింది. స్టడీలో చేర్చుకోమని ఆమె కూడా అడిగిందట, వయసు మించిందని జ్యోతి తీసుకోలేదు.

"ఆవిడ స్టడీలో లేదు కదా," అన్నాను పోతమ్మతో.

"ఒంట్లో సక్కిర ఉంది గదా," అంది పోతమ్మ. "తాడు లాగలేని ముసిలోల్లకి మాం వాటా మానేత్తామేటి?"

ఎప్పటినుంచి ఇలా చేస్తున్నారని అడిగాను. మొదటి నెల నుంచే.

అంటే మార్చిలో నేను రాసిన వార్త కూడా ఈ గిన్నెలోంచి వచ్చిందే. "పద్దెనిమిది మందికీ చక్కెర తగ్గుముఖం" అని పెట్టాను. నడక వల్ల, తిండి మీద సలహాల వల్ల అని జ్యోతి అంటే అలాగే రాశాను. సగం మందికి తగ్గి, సగం మందికి తగ్గకపోవాలి కదా అని నేను అడగలేదు.

రాత్రి చెబుదామనుకున్నాను. జ్యోతికి తలనొప్పి.

13 జూన్

ఆదివారం. జ్యోతి వదినగారు వచ్చారు. చెప్పడానికి వీలు కాలేదు.

14 జూన్

సమాచారం ఇచ్చినవాళ్ల పేరు బయటపెట్టకూడదన్నది ఈ వృత్తిలో మొదటి నియమం. గంగాలమ్మకి మాట ఇచ్చాను. ఆమె అనుమతి లేకుండా చెప్పడం ధర్మం కాదు. ఆమె ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.

15 జూన్, మంగళవారం

సాయంత్రం సాయిదుర్గ ఇంటికి వచ్చింది. జ్యోతి హాల్లో కూర్చోబెట్టింది. నేను పేపరు పట్టుకుని అదే గదిలో ఉన్నాను, లేచి వెళ్తే బాగుండదని.

"మేడమ్, ఒక్కసారి గుర్తుచేసుకోండి," అంది సాయిదుర్గ. ఏడవలేదు. "ప్రతి సీసాకీ సీలు మీ ముందే చూపించేదాన్ని కదా. ఇంటి దగ్గర వాళ్లే సీలు తీసీవోరు. నాను ముట్టుకోనేదు. నేను ముట్టుకోలేదు మేడమ్."

జ్యోతి దగ్గర పని చేసిన రెండేళ్లలో నేర్చుకున్న భాష అది. తడబడినప్పుడు పాతది వస్తుంది, దాన్ని మళ్లీ తనే దిద్దుకుంటుంది.

"నేను అదే రాశాను కమిటీకి," అంది జ్యోతి. "కానీ సీసాలో రెండు రకాలు ఎలా కలిశాయి? దానికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరుందా?"

"లేదు మేడమ్."

"పోనీ ఇంటి దగ్గర ఎవరైనా..."

"మా అత్త అలాంటి పని ఎందుకు సేత్తాది? సీసా దేవుడి గూట్లో పెట్టుకుంది."

టీ నేనే పెట్టాను. ఆమె కప్పు రెండు చేతులతో పట్టుకుంది. "థాంక్స్ సార్," అంది. చక్కెర సరిపోయిందా అని అడిగాను. సరిపోయింది సార్ అంది.

వెళ్లాక జ్యోతి తలుపు వేసి నా వైపు తిరిగింది.

"మీరేమీ మాట్లాడలేదేంటండి?"

"ఏం మాట్లాడను?"

"ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతారు కదా. మీరు అడగని మనిషిని ఈ ఇంట్లో ఇదే మొదటిసారి చూడటం."

16 జూన్

గంగాలమ్మని రేపు ఇంటికి పంపుతారు. పంపాక, ఆమె అనుమతి తీసుకుని, జ్యోతికి చెబుతాను. ఇదే సరైన క్రమం.

17 జూన్, గురువారం

పదకొండింటికి గంగాలమ్మ ద్వారకా నగర్‌లో మా ఆఫీసుకి వచ్చింది. చెయ్యి మెడకి కట్టే ఉంది. పక్కన పోతమ్మ. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లి, సాయిదుర్గ సంగతి విని, ఇంట్లో నీళ్లు కూడా ముట్టకుండా బస్సెక్కిందట. ఆఫీసులో ఎవరూ తల ఎత్తలేదు. ఫిర్యాదులతో వచ్చేవాళ్లు రోజూ ఉంటారు. ఈసారి ఫిర్యాదు నా మీద.

"మా గుంటని దొంగన్నారంటగా," అంది.

"దొంగ అనలేదు. విచారణ..."

"నీకు తెలుసు గదా?"

"తెలుసు."

"మరెందుకు సెప్పనేదు?"

"నువ్వే వద్దన్నావు. మాట ఇచ్చాను."

గంగాలమ్మ పోతమ్మ వైపు తిరిగింది. "ఇన్నావా? మాటిచ్చినాడంట." మళ్లీ నా వైపు. "ఎప్పుడిచ్చినావు బాబూ? నాను సెప్పకన్నాను. నువ్వు బుర్ర గోక్కుంటా ఎల్లిపోనావు. ఔనన్నావా? నేదన్నావా? నాకు తెలివి నేకపోతే నువ్వైనా ఉండాల గదా. గుంట ఉద్యోగం పోతాదని నాకెవులు సెప్పారు? నువ్వు సెప్పినావా ఆ మంచం కాడ?"

"నీ ఒంట్లో బాగాలేదని..."

"నా ఒంట్లో సక్కిర పడింది. సెవులు పడిపోనేదు."

పోతమ్మ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కుర్చీలు చూపించాను. కూర్చోలేదు.

"పోతమ్మ గిన్నె కాడ కూకుని సూసినావంట గూడా," అంది గంగాలమ్మ. "గుడ్డలు లెక్కెట్టినావంట. దేనికి లెక్కెట్టినావు మరి?"

ఇది రాసేముందు పేజీలు వెనక్కి తిప్పాను. పదో తేదీ పేజీ చూశాను. 'అవుననలేదు. కాదనలేదు.' నా రాతే.

ఆఫీసు నుంచి తిన్నగా ఆసుపత్రికి వెళ్లాను. జ్యోతి గదిలో ఎవరూ లేరు. నిలబడే మొత్తం చెప్పాను. గిన్నె, గుడ్డలు, శనివారం, రెండు మాత్రలు, పాపాయమ్మ. వార్త చెప్పినట్టే చెప్పాను, ఆమెకి అలా వినడం తేలిక.

స్టడీ పోయిందని ఏడుస్తుందనుకున్నాను. కంపెనీ గురించి అడుగుతుందనుకున్నాను.

"పాపాయమ్మ పొద్దున్న ఏం తింటుంది?" అని అడిగింది.

తెలియదన్నాను.

"మీకెప్పుడు తెలిసింది?"

"పదిన గంగాలమ్మ చెప్పింది. పన్నెండున నేను చూశాను."

"పదిహేనున సాయిదుర్గ మనింటికి వచ్చింది."

"అవును."

"టీ మీరే పెట్టారు."

"అవును."

జ్యోతి రక్తం చూసే మిషను సంచిలో పెట్టుకుంది. పేటకి వెంటనే వెళ్దామంది. పాపాయమ్మ ఎండుచేపలతో ఎలమంచిలి సంతకి వెళ్లిందని, రాత్రికి గానీ రాదని పోతమ్మ ఇంటికి చేరాక ఫోను చేస్తే తెలిసింది. ఆమె రాగానే అన్నం పెట్టమని, పొద్దున్న మాత్ర వేసుకోనివ్వొద్దని జ్యోతి పోతమ్మకి చెప్పింది. తెల్లారగానే వెళ్దామంది.

18 జూన్, శుక్రవారం

ఆరింటికి స్కూటరు మీద వెళ్లాం.

పాపాయమ్మ గుమ్మంలో చింకి చాప మీద కూర్చుని ఉంది. చెయ్యి వణుకుతోంది.

"మాత్ర వేసుకున్నావా?" అంది జ్యోతి.

"ఏసుకున్నాను. పోతమ్మ వద్దంది. అది వద్దంటే మాననా? నా వాటాది."

"ఏం తిన్నావు?"

"టీ తాగినాను. తినడానికి ఇంకా పొద్దుంది."

మిషనులో 52. జ్యోతి పంచదార నీళ్లు కలిపి తాగించింది, తర్వాత అరటిపండు, తర్వాత పక్కింటి నుంచి తెచ్చిన ఇడ్లీ. పావుగంటకోసారి చూసింది. 70 దాటాక కూడా లేవలేదు, 110 అయ్యేదాకా ఆ చాప మీదే కూర్చుంది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. ఈ 52 పదో తేదీన రాకపోవడం, పన్నెండున రాకపోవడం అదృష్టం. ఇది వాస్తవం కాబట్టి రాస్తున్నాను.

"ఇక వేసుకోకు," అంది జ్యోతి ఆమెతో.

"నువ్వు ముసిల్దాన్నని నన్ను తీసేసినావు," అంది పాపాయమ్మ. "ఈల్లు తియ్యనేదు."

జ్యోతి మిషను సంచిలో సర్దింది.

ఆ లోపు ఆడవాళ్లంతా చేరారు. పోతమ్మ గిన్నె తెచ్చి జ్యోతి ముందు పెట్టింది గానీ మూత మీద చెయ్యి తియ్యలేదు.

"ఆపేత్తావా?" అంది.

"ఈ మాత్ర ఆపేస్తాను. వైద్యం ఆపను. ఆసుపత్రిలో మామూలు మందుంది, ఏళ్లుగా అందరూ వాడేది. ఎవరికెంత కావాలో చూసి ఇస్తాను."

"సగం మందికా?"

"అందరికీ."

"పాపాయమ్మకీ?"

"ఆవిడకీ. కానీ ఎవరి మందు వాళ్లే వేసుకోవాలి. పోతమ్మా, ఇది చేప కాదు. ఒకరికి సరిపోయింది ఇంకొకరిని పడేస్తుంది. గంగాలమ్మని చూశారు కదా."

పోతమ్మ మూత మీంచి చెయ్యి తీసింది. సాయిదుర్గ వెనక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. వాళ్ల అత్తతో అంది, "నాకు సెప్పుంటే మేడమ్‌కి సెప్పీదాన్ని."

"అందుకే సెప్పనేదు," అంది గంగాలమ్మ.

సాయిదుర్గ నాతో మాట్లాడలేదు. నాకెప్పుడు తెలిసిందో ఆమెకి తెలుసు.

తిరిగి వచ్చేటప్పుడు బీచి రోడ్డులో జ్యోతి స్కూటరు ఆపమంది. దిగి రోడ్డు పక్కన గోడ మీద కూర్చుంది.

"మన ఊరి లెక్కలన్నీ పనికిరావు. మిగతా ఊళ్లవి ఉంటాయి, మనవి తీసేస్తారు. పెద్ద స్టడీ ఇక్కడికి రాదు," అంది. "అందరికీ తగ్గుతుంటే సంతోషించాను. అప్పుడే అనుమానపడాల్సింది. తెల్లవారి లేచి ఆ అంకెలు చూసుకునేదాన్ని. బాగుండేవి."

"వాళ్లకి నిజంగానే తగ్గింది," అన్నాను.

"మీరు నన్ను కాపాడుతున్నాననుకున్నారా?"

గంగాలమ్మకి మాట ఇచ్చానని చెప్పబోయాను. చెప్పలేదు.

"అనుకున్నాను," అన్నాను.

"నేను అడిగానా?"

అడగలేదు.

19 జూన్

గిన్నెలో ఉన్నవన్నీ సీలు వేసి కంపెనీకి పంపారు. జ్యోతి కమిటీకి కొత్త వివరణ రాసింది. నాకు చదవమని ఇవ్వలేదు. ఇదివరకు తెలుగైనా ఇంగ్లీషైనా నాకు చూపించేది.

అచ్యుతరామయ్యగారు ఫోను చేశారు. రాతపూర్వకంగా ఎన్ని ఇచ్చినా, సీసాలు సాయిదుర్గ తెరవలేదని వాడినవాళ్లే వచ్చి చెబితే తప్ప ఆమె మీద మాట పోదన్నారు. గంగాలమ్మ ఒక్కతి వస్తే చాలన్నారు. జ్యోతి ఆ కబురు పేటకి పంపింది.

జవాబు వచ్చింది. ఒక్కతి రాదట. పంచుకున్నది అందరూ కాబట్టి అందరూ వస్తారట.

20 జూన్, ఆదివారం

కమిటీ గదిలో తొమ్మిది కుర్చీలే ఉంటాయి. పంతొమ్మిది మందికి బెంచీలు వెయ్యమని జ్యోతి ఆసుపత్రివాళ్లని అడిగింది. పద్దెనిమిది అని రాసి, కొట్టేసి, పంతొమ్మిది అని రాయడం చూశాను.

ఈ మొత్తం మీద వార్త రాయనని ఎడిటరుకి చెప్పాను. ఇంకో రిపోర్టరుని పంపుతారు. అతను అడిగితే నాకు తెలిసినవన్నీ తేదీలతో సహా చెబుతాను.

సాయంత్రం జ్యోతి వంటింట్లోంచి, నా వైపు చూడకుండా, రేపటి వరస చెప్పింది. సోమవారం పదిన్నరకి కమిటీ మొదలవుతుంది. ముందు గంగాలమ్మ. తర్వాత గిన్నె పట్టిన పోతమ్మ. తర్వాత సాయిదుర్గ. సాయిదుర్గ తర్వాత నేను. మొదటి ప్రశ్న ఏమిటో కూడా చెప్పింది: మీకెప్పుడు తెలిసింది.

చివరగా జ్యోతి. ఆమె మాట అయ్యాక సాయిదుర్గ సంగతి తేలుస్తారు.

ఎనిమిదిన్నరకి ఆసుపత్రి వ్యాను పేటకి వెళ్తుంది. ఎవరూ ఏమీ తినకుండా ఎక్కకూడదని జ్యోతి కబురు చేసింది. ఉప్మా సాయిదుర్గ వాళ్లింట్లో చేస్తారు, ఎక్కేముందు అందరికీ వడ్డిస్తారు.